నాలుగో చన్ను దూడది

"కాలువ కట్టేశారోయ్! లాకులు దించేశారు! కాలువ కట్టేశారోయ్!"

వీధి చివర్నుంచి వచ్చిన ఆ కేక ఇశ్రాయేలుది. ఇశ్రాయేలు గొంతు సంగతి పటమటలో అందరికీ తెలుసు. చర్చిలో అతను పాట ఎత్తుకుంటే ఇక గంట కొట్టక్కర్లేదని పాస్టరుగారే అనేవారు. అలాంటి గొంతు తెల్లారగట్ల పాలు పిండే వేళ వీధి పొడుగునా వినిపిస్తే ఎవరి చేతులు ఆగవు?

చౌడేశ్వరమ్మ చేతులు పొదుగు కింద ఆగిపోయాయి. కాటుక చెవులు నిక్కించి వెనక్కి చూసింది. కాటుకంటే ఆవిడ గేదె. చెంబులో పడుతున్న ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. గేదె బెదిరితే అంతే. దిగిన పాలను మళ్ళీ పైకి లాగేసుకుంటుంది. దాన్నే ఎగచేపడం అంటారు.

"ఇంకా పది రోజులుందన్నారు గదరా?" అంటూ మూలనున్న మంచం మీంచి లేచింది అత్తగారు సుబ్బరత్నం.

ఇశ్రాయేలు గుమ్మంలో ఆగి, భుజం మీది ఖాళీ కావిడి దించాడు. బెజవాడ దాకా పాలు మోసుకెళ్ళేది అతనే. "అన్నారు పెద్దమ్మా. లాకుల మరమ్మతంట, ఈ ఏడు ముందే దించారు. మన గడ్డి పడవ ఉయ్యూరు దగ్గర బురదలో కూర్చుంది. పడవ వాడు ఆగుతాడా? ఉన్నకాడే ఎవరికో అమ్మేసుకున్నాడంట."

చౌడేశ్వరమ్మ సావిడి వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ గడ్డి మోకాలెత్తుంది. నాలుగు గేదెలు. గట్టిగా తింటే రెండు రోజులు, పొదుపుగా వేస్తే నాలుగు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి, లేకపోతే ఈ గడ్డి గొడవ మీకు అర్థం కాదు.

చౌడేశ్వరమ్మ వాళ్ళు నేతగాళ్ళు. అది నలభై నాలుగో సంవత్సరం వేసవి. యుద్ధం మూలాన నూలు దొరక్క, ఇంట్లో మగ్గం ఆగి రెండేళ్ళు దాటింది. మగ్గం గుంటలో బల్లులు కాపరం పెట్టాయి. ఆవిడ భర్త వీరభద్రయ్య రోజూ ఓ మాటు వెళ్ళి మగ్గం తుడిచి, ఊరికే నాడె అటొకసారి ఇటొకసారి విసిరి, వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కలప డిపో వాడు రెండుసార్లు వచ్చి ఆ మగ్గం కర్రకి బేరమాడిపోయాడు. "నేనుండగా మగ్గం గడప దాటదు," అని చౌడేశ్వరమ్మ మెళ్ళోది తీసి ఇచ్చి మూడు గేదెల్ని కొంది. నాలుగోది కాటుక. అది ఇంకా ఈనని, బక్కచిక్కిన పడ్డగా ఉన్నప్పుడు కంకిపాడు రైతు రత్తయ్య పెంపకానికి ఇచ్చాడు.

గేదెలైతే వచ్చాయిగానీ బుద్ధి మాత్రం మగ్గం దగ్గరే ఉండిపోయింది. రైతు అన్నవాడు నూర్పిళ్ళు కాగానే ఏడాదికి సరిపడా గడ్డి వామి వేసుకుని, తర్వాతే నిద్రపోతాడు. నేతగాడు అలా కాదు. శనివారం కోక అమ్మి, ఆ డబ్బుతో వారానికి సరిపడా నూలు తెచ్చుకుంటాడు. తాతల నుంచీ అదే అలవాటు. ఆ అలవాటు ప్రకారమే వీరభద్రయ్య గడ్డి కూడా వారానికో పడవలో, కూచిపూడి వైపు నుంచి తెప్పించేవాడు. రెండేళ్ళ బట్టీ సాఫీగా జరిగింది. ఏటా వేసవిలో కాలువ కట్టే ముందు మాత్రం రెండు నెలలకి సరిపడా ఒకేసారి దింపించుకునేవాడు. ఈసారి ఆ పెద్ద పడవే ఉయ్యూరు దగ్గర ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే రత్తయ్య దిగాడు. మనిషి చేవ తేలిన తుమ్మమొద్దులా ఉంటాడు. కాలువ కట్టారన్న కబురు వినగానే కంకిపాడు నుంచి నడుచుకుంటూ వచ్చేశాడు. కాళ్ళు కడుక్కోలేదు, మంచినీళ్ళు తాగలేదు. సావిడి చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళి కాటుక డొక్కల మీద చెయ్యి వేశాడు.

"గడ్డేదమ్మా?"

"ఉంది రత్తయ్యగారూ. వెనకాల."

"వెనకాల చూసే వచ్చాను. అది గడ్డి కాదు, పక్కలోకి పరుచుకునే చెత్త." మేత వేసే గాడిలో చెయ్యి పెట్టి కెలికి చూశాడు. "పడ్డని ఇచ్చిన రోజున ఏమనుకున్నాం? మీరే చెప్పండి."

చౌడేశ్వరమ్మ ఆ మాట అప్పజెప్పింది. "ఈనాక, దూడ పాలు మరిచేదాకా గేదె మా దగ్గరుంటుంది. పాలు మావి. మరిచాక గేదె మీది, దూడ మాది."

"తర్వాత?"

"మధ్యలో మేతకి లోటొస్తే ఆ పూటే మీరు తోలుకుపోతారు."

"అదీ." రత్తయ్య కాటుక మెడ కింద గోకాడు. అది కళ్ళు మూసుకుంది. "నాకు మీ మీద కోపం లేదమ్మా. గొడ్డు నోరు లేనిది. దాని బదులు నేను మాట్లాడాలి గదా."

"నీకు రెండు వాములున్నాయంట గదా అబ్బాయ్," అంది సుబ్బరత్నం మంచం మీంచి. "అంత జాలైతే ఓ బండి గడ్డి పంపరాదూ?"

"నా గడ్డి నా గొడ్డు తినాలంటే నా సావిట్లోనే తింటుంది పెద్దమ్మా. పటమట దాకా వచ్చి తినక్కర్లా." రత్తయ్య కండువా దులుపుకున్నాడు. "ఆదివారం పొద్దున వస్తా. అప్పటికి సరైన గడ్డి కనబడిందా, సరి. లేదా, పలుపు తెచ్చుకునే వస్తా."

పోతూ పోతూ కాటుక పక్కన నిలబడ్డ దూడ వీపు మీద తట్టాడు. తట్టిన చోట గరగరమని గడ్డి చప్పుడైంది. "బాగానే ఎదిగిందే," అన్నాడు.

ఆ దూడ సంగతీ చెప్పాలి. కాటుక దసరా నాటికి ఈనింది. పెయ్యదూడ. ఇరవయ్యో రోజున పోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, చేపకపోతే పాలు లేవు. అందుకని దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, గేదె ముందు నిలబెడతారు. అది నాకి, వాసన చూసి, నాదేననుకుని చేపుతుంది. గొడ్లున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన పనే ఇది. ఇశ్రాయేలు తోలు బాగుచేయించి తెచ్చాడు. వీరభద్రయ్య కుట్టాడు. చాన్నాళ్ళకి చేతికి పని దొరికిందేమో, అదేదో పెళ్ళి కోక అన్నంత శ్రద్ధగా కుట్టాడు. కళ్ళకి చింతగింజలు పెట్టాడు. నాలుక కోసం పెట్టెలో మిగిలిన ఎర్ర అంచు ముక్క ఒకటి కత్తిరించి అతికాడు.

కాటుక పది రోజులు దాన్ని నాకింది. పదకొండో రోజు పొద్దున గడ్డి దూడ కాళ్ళు కూడదీసుకుని వెళ్ళి చన్ను అందుకుంది.

"కుడుస్తోంది," అంది సుబ్బరత్నం, చేటలో బియ్యం ఏరుకుంటూ.

"కుడవనీ," అన్నాడు వీరభద్రయ్య.

అంతే. ఆ వారం రత్తయ్య వచ్చి చూసి, "కుడిచేది దూడే గదా, గడువు నడుస్తున్నట్టే," అన్నాడు. నెలకోసారి కుట్లు బిగిస్తే వీరభద్రయ్య కాస్త వదులు చేసేవాడు. అలా ఏడో నెలకి అది ఇశ్రాయేలు నడుమెత్తు ఎదిగింది.

మొగుడూ పెళ్ళాలకి ఒక్కదాని దగ్గరే తగువు. చౌడేశ్వరమ్మ ఏ గేదెకైనా మూడు చన్నులే పిండేది. నాలుగోది దూడకి వదిలేసేది. బతికున్న దూడలకి వదిలితే వీరభద్రయ్య ఊరుకునేవాడేమో. గడ్డి దూడకి కూడా వదలడం అతనికి మింగుడు పడలేదు.

"గడ్డికి పాలు పోయడమేమిటే? ఎవరైనా వింటే నవ్వుతారు. ఆ శేరు పాలూ సంజీవరావుగారి హోటల్లో పడితే ఎంతొస్తుందో తెలుసా?"

"కోక అయిపోయిందని మగ్గం అచ్చులో పోగులన్నీ ఊడబెరుకుతావా నువ్వు?" అనేది చౌడేశ్వరమ్మ. "కొస వదుల్తావు గదా, కొత్త పడుగు అతకడానికి. ఆ కొస కాస్తా లాగేస్తే మళ్ళీ ఒక్కో పోగూ అచ్చులోకి ఎక్కించుకుంటూ వారం కూర్చోవాలి. ఇదీ అంతే. వంతు వదలకపోతే ముందుకి అతుకు ఉండదు."

మగ్గం మాట ఎత్తగానే వీరభద్రయ్య లేచేవాడు. గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

ఇంకో సంగతి. ఆవిడ పాలల్లో నీళ్ళు కలపదు. అందుకే బెజవాడ గవర్నరుపేటలో సంజీవరావుగారి కాఫీ హోటలు వాళ్ళు రెండేళ్ళుగా ఆవిడ పాలే వాడుతున్నారు. ఆ వాడిక ఒక్కటే ఇంటిల్లిపాదినీ నిలబెడుతోంది. హోటలుకి పోసే పాలల్లో సగం కాటుకవే. కాటుక పోతే వాడిక పోతుంది. వాడిక పోతే మిగతా మూడింటి మేతకే చాలదు. మరుసటి నెలలో కలప డిపో వాడు మూడోసారి వస్తాడు. అప్పుడిక కాదనడానికి నోరుండదు. ఆ బుధవారం మధ్యాహ్నం రత్తయ్య వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డ చౌడేశ్వరమ్మకి ఇదంతా వరసగా కళ్ళ ముందు కనబడింది.

"ఇశ్రాయేలూ, కాళ్ళున్నాయా?"

"ఉన్నాయమ్మా. అవి తప్ప ఇంకేం లేవు."

"కట్ట పట్టుకుని పో. ఎక్కడ వామి కనబడితే అక్కడ అడుగు."

గురువారం ఇశ్రాయేలు పాలు పోసొచ్చి, కాలువ కట్ట వెంబడి తూర్పుగా నడిచాడు. కాలువలో నీళ్ళు అప్పటికే మడుగులు కట్టాయి. పిల్లలు గుడ్డలు అడ్డం పెట్టి చేపలు పడుతున్నారు. వాములు లేకపోలేదు. ప్రతి దొడ్లోనూ ఉన్నాయి. అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. "మా గొడ్లకే తొలకరి దాకా చాలితే అదే పదివేలు." ఒక పెద్దాయనైతే, "ఎండాకాలం గడ్డి అడగడానికి వచ్చావా, ఏ ఊరు నాయనా మీది?" అని పడీపడీ నవ్వాడట. బళ్ళేమో ఒక్కటీ ఖాళీ లేదు. అన్నీ మిల్లులకి ధాన్యం తోలుతున్నాయి. సాయంత్రానికి ఇశ్రాయేలు నెత్తిమీద ఒక్క మోపుతో తిరిగొచ్చాడు. అదైనా తన మేనమామ కూతురింట్లో కొట్లాడి తెచ్చిందే.

శుక్రవారం చౌడేశ్వరమ్మ గడ్డిని పూలు పంచినట్టు పంచింది. గేదెలు గాడి అడుగు నాకి, తలలెత్తి ఆవిడ వైపు చూశాయి. అరిస్తే బాగుండేది. అరవలేదు. చూస్తూ ఉన్నాయంతే. తవుడూ, కుడితీ పెట్టింది. ఇంట్లో వండిన అన్నంలో సగం గంజితో సహా కుడితి తొట్టిలోకే పోయింది. "నాకు ఆకలి లేదులే," అంది సుబ్బరత్నం. ఆవిడ అలా అనడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఆ పూట పాలు తగ్గాయి. అయినా నాలుగో చన్ను వదిలింది.

శనివారం ఇశ్రాయేలు బెజవాడ నుంచి వస్తూనే కావిడి దించకుండా నిలబడ్డాడు.

"చెప్పు," అంది ఆవిడ.

"హోటలు అయ్యగారు బిందెలోకి చూసి ఏమీ అన్లేదమ్మా. లెక్క చూసే ఆయన అన్నాడు, సోమవారం కూడా ఇట్టాగే తక్కువొస్తే వేరే వాడిక చూసుకుంటారంట."

వీరభద్రయ్య అరుగు మీంచి ఈ మాట విన్నాడు. లేచి ఇంట్లోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి చేతిలో కత్తెర ఉంది. తిన్నగా దూడ దగ్గరికి నడిచాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"గడ్డి లేదు గడ్డి లేదని ఊరంతా తిరుగుతున్నాం. ఇంట్లో ఇంత గడ్డి నిలబెట్టుకుని." దూడ డొక్క తట్టాడు. "ఒక్క పూటకి వస్తుంది చౌడూ. ఒక్క పూట గాడి నిండా కనబడితే రత్తయ్య ఊరుకుంటాడేమో."

"మరుసటి పూట?"

అతను దూడ మెడ కింద కుట్టు వెతికి కత్తెర మొన ఆనించాడు. దూడ కదల్లేదు. చింతగింజ కళ్ళతో అతన్నే చూస్తూ, ఆ ఎర్ర అంచు నాలుకతో అతని మణికట్టు నాకింది. ఆ నాలుక మీద జరీ పోగొకటి ఇంకా మెరుస్తోంది. అది వీరభద్రయ్య తన చేత్తో నేసిన ఆఖరి కోక అంచు. నూలు ఆగిపోక ముందు మగ్గం దిగిన కోక.

చౌడేశ్వరమ్మ వచ్చి కత్తెర అందుకుంది. అతను ఇచ్చేశాడు. గాడి మీద కూర్చుని పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. వాళ్ళ వెనక దూడ నాలుగో చన్ను అందుకుని కుడుస్తూనే ఉంది.

ఆదివారం వచ్చింది.

రత్తయ్య అన్నంతా చేశాడు. భుజం మీద కొత్త కొబ్బరి తాడు, చేతిలో చిన్న కర్ర. గాడిలో చెయ్యి పెట్టాడు. అడుగు గీరిన చప్పుడు తప్ప చేతికి ఏమీ రాలేదు. మిగతా మూడు గేదెల డొక్కలు చూసి తల తిప్పుకున్నాడు.

"చెప్పడానికేం లేదు గదమ్మా?"

"లేదు," అంది చౌడేశ్వరమ్మ.

పాత పలుపు విప్పి, తను తెచ్చిన తాడు కాటుక మెడకి వేశాడు. కాటుక రెండడుగులు వేసి ఆగిపోయింది. గుమ్మానికి అడ్డంగా దూడ పడుకుని ఉంది. ఎప్పుడు వెళ్ళిందో, కాళ్ళు ముడుచుకుని, గడప ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా.

"దూడని లేపండమ్మా. దూడ మీదే, కాదన్లేదు. దారి ఇవ్వమనండి."

వీరభద్రయ్య వెళ్ళి లాగాడు. కదల్లేదు. రత్తయ్య నవ్వి, "గడ్డి దూడయ్యా, దానికి ఇద్దరం కావాలా?" అంటూ తాడు వదిలి, వంగి, రెండు చేతులూ దాని కడుపు కిందికి పోనిచ్చాడు. ధాన్యం బస్తాని ఒంటిచేత్తో బండికెక్కించే మనిషి. మెడ నరాలు ఉబ్బాయి. దూడ అంగుళం కూడా లేవలేదు.

"ఏం పెట్టారు దీన్లో, రాళ్ళా?" అన్నాడు రొప్పుతూ.

చౌడేశ్వరమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది. దూడ డొక్క మీద కుట్లు తెగేలా బిగిసి ఉన్నాయి. తోలు డప్పులా ఉంది. ఒక కుట్టు సందులోంచి ఒకే ఒక్క గడ్డి పరక బయటికి పొడుచుకొచ్చింది.

"పాపం, కుట్లు బిగిశాయి దీనికి," అంది. ఆవిడ మనసులో వేరే ఆలోచన ఏమీ లేదు. తల్లి వెళ్ళిపోతుంటే దూడని ఇక్కడ ఉంచడం ఆవిడ వల్ల కాదు. తల్లితోనే పంపేయాలని రాత్రే అనుకుంది. కంకిపాడు దాకా నడవాలి, అందాకా హాయిగా ఊపిరి పీల్చుకోనీ అనుకుని, రొంటిన దోపుకున్న కత్తెర తీసి ఒక్క కుట్టు తెంపింది.

గడ్డి వచ్చింది.

ముందు ఒక పిడికెడు. తర్వాత ఒక చేరెడు. చౌడేశ్వరమ్మ దాన్ని పక్కకి తీసేసరికి దాని వెనక ఇంకా ఉంది. లాగింది. మోపెడయింది. అది పాత గడ్డి కాదు. బంగారు రంగులో, కళ్ళం మీంచి అప్పుడే తెచ్చినట్టు వాసన వేస్తోంది. కాటుక మెడ సాచి నోటికి అందినంతా అందుకుంది. మిగతా మూడూ గుంజలు లాగుతూ ఒక్కసారి అరిచాయి.

"చూస్తూ నిలబడ్డావేమిట్రా, వెయ్యి వాటికి!" అంది సుబ్బరత్నం కొడుకుతో.

వీరభద్రయ్య చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. చౌడేశ్వరమ్మ లాగుతోంది, అతను మోస్తున్నాడు. గాడి నిండింది. సావిడి పక్క ఖాళీ జాగాలో కుప్ప పడింది. చర్చి అయిపోగానే తెల్ల బట్టల్లో ఇశ్రాయేలు వచ్చాడు, వెనకే అతని భార్య మాణిక్యమ్మ. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి చూశారు. ఇశ్రాయేలు చొక్కా విప్పి గుంజకి తగిలించాడు. "మాణిక్యం, నువ్వు ఇటు అందుకో, నేను అటు," అన్నాడు. మాణిక్యమ్మ కొంగు బిగించింది.

రత్తయ్య మాత్రం అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. చూస్తూ కాలు ఆడిస్తున్నాడు. కాసేపటికి లేచాడు, కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. వీరభద్రయ్య ఇంకో మోపు తెచ్చి కుప్ప మీద ధబీమని పడేసేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఏందయ్యా ఆ వెయ్యడం! అది గడ్డా, పాత గుడ్డలా? ఒక్క వాన పడితే నడుమంతా కుళ్ళిపోదూ? అసలు కింద ఏం వేశారు?"

"ఏం వెయ్యలా."

"ఏం వెయ్యలా! చెద పురుగుకి విందు పెడుతున్నాడు చూడండమ్మా!" పంచె ఎగ్గట్టి, కండువా తలకి చుట్టాడు. "ఇశ్రాయేలూ, ఆ తాటిమొద్దు ముక్కలు ఇటు దొర్లించు. వాటి మీద మట్టలు పరువు. ఇదంతా తీసెయ్యండి, మొదట్నించీ వెయ్యాలి. మొదళ్ళు లోపలికి, కొసలు బయటికి. నేను పైనుంటా, మీరు అందించండి."

పొద్దెక్కింది. ఎండ మండింది. రత్తయ్య వామి మీద గుండ్రంగా తిరుగుతూ తొక్కుతున్నాడు, తిడుతున్నాడు. ఇటు తక్కువైంది, అటు ఎక్కువైంది, నేతగాళ్ళకి వామి వెయ్యడం ఏ జన్మకి వస్తుంది అని. "నువ్వు రా, ఓ మూర గుడ్డ నెయ్యి, అప్పుడు తిడదాం నిన్ను," అంది సుబ్బరత్నం. రత్తయ్య పైనుంచే పకపకా నవ్వాడు. వామి రొమ్మెత్తు లేచింది. తలెత్తు లేచింది.

"చాలా?" అని అరిచింది చౌడేశ్వరమ్మ కిందనుంచి.

"మళ్ళీ కాలువలో నీళ్ళు వచ్చేదాకా రావాలంటే ఇంటి చూరు దాటాలమ్మా. లాగండి!"

ఆవిడ లాగుతోంది. దూడ తగ్గుతోంది. ఆవిడకి మాత్రమే అది తెలుస్తోంది. నడుమెత్తు దూడ మోకాలెత్తుకి వచ్చింది. తోలు మడతలు పడుతోంది. వామి చూరుని అందుకునేసరికి దూడ ఆవిడ ఒళ్ళో పట్టేంతే మిగిలింది. కళ్ళు అలాగే తెరుచుకుని ఉన్నాయి. ఎర్ర నాలుక వేలాడుతోంది. కదలడం లేదు.

ఆవిడ చెయ్యి లోపలే ఆగిపోయింది. వేళ్ళకి పిడికెడు గడ్డి తగులుతోంది. అది పాతది, మెత్తగా ఉంది. దసరా తర్వాత వీరభద్రయ్య కూరిన మొదటి గడ్డి.

"ఇంకొక్క మోపమ్మా!" పైనుంచి రత్తయ్య. "వామి నెత్తిన కొప్పు కట్టడానికి ఒక్కటి!"

"ఉంది గదే, తియ్యి," అన్నాడు వీరభద్రయ్య చేతులు చాపి. "ఆ ఒక్క పిడికెడూ లాగితే వెనకాల ఇంకో మోపు రాదూ?"

చౌడేశ్వరమ్మ చెయ్యి బయటికి తీసింది. ఖాళీగా. కుట్టు నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కొస," అంది భర్త మొహంలోకి చూస్తూ.

వీరభద్రయ్య చాపిన చేతులు కిందికి దిగాయి. ఇంట్లోకి పరిగెత్తి సూదీ, ఉన్న ఒక్క కండె నూలూ తెచ్చాడు. వామి అంచు నుంచి కొత్త గడ్డి పిడికెడు తీసి, ఆ పాత గడ్డి కొసలతో కొత్త కొసలు కలిపి, బొటనవేలితో నలిపి, పడుగు అతికినట్టే పరకకి పరక అతికాడు. దానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. రత్తయ్య వామి మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. కుట్టు మూశాడు. ముడి వేసి, పళ్ళతో దారం కొరికాడు.

దూడని నేల మీద నిలబెట్టారు. పడిపోయింది. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ పడిపోయింది.

చౌడేశ్వరమ్మ కాటుక తాడు విప్పేసింది. కాటుక వచ్చి ముక్కు ఆనించి వాసన చూసింది. నాకింది. మెడ దగ్గర, వీపు మీద, కొత్త కుట్టు మీద. నాలుగోసారి నాకేసరికి దూడ ముందుకాళ్ళు వణికాయి. లేచింది. తూలుతూ, తల్లి కిందికి దూరి, మూడు చన్నులూ వదిలేసి నాలుగోది వెతుక్కుని అందుకుంది. కాటుక చేపింది. మిగతా మూడు చన్నుల నుంచీ పాలు వాటంతటవే బొట్లు బొట్లుగా రాలాయి.

"చెంబు! చెంబేదీ!" అంది సుబ్బరత్నం.

రత్తయ్య వామి మీంచి మెల్లగా జారి దిగాడు. ఒంటికి అంటిన నూగు దులుపుకున్నాడు. దూడ దగ్గర గొంతుక్కూర్చుని, దాని నోరు కాస్త తెరిచి చూశాడు. నెలైనా నిండని దూడ. తల గోక్కున్నాడు.

"ఇది మళ్ళీ మొదటికొచ్చిందే."

దూడ నడ్డి మీద చెయ్యి వేసి ఎత్తు చూశాడు.

"ఇదెప్పటికి పాలు మరుస్తుంది?"

"దూడ పాలు మరిచేదాకా అని మాట అన్నది నువ్వే గదయ్యా," అంది సుబ్బరత్నం. "మేతకేమన్నా లోటుందా? నీ చేత్తో వేసిన వామే. లోటుందని నువ్వే చెప్పాలి."

రత్తయ్య వామి వైపు చూశాడు. చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. నిజం చెప్పాలంటే, అంత చక్కని వామి కంకిపాట్లో తన దొడ్లో కూడా లేదు. ఒకచోట చేత్తో తట్టి సరిచేశాడు. గడప దగ్గర పడున్న కొబ్బరి తాడు తీసుకున్నాడు. దాని రెండు చివరలకీ రెండు రాళ్ళు కట్టి, "ఇశ్రాయేలూ, అటు పట్టుకో," అని వామి మీదుగా విసిరాడు. "పడమటి గాలి లేస్తే కొప్పు ఎగిరిపోద్ది. కొప్పుకి గడ్డి తక్కువైంది గదా, ఈ తాడు ఉండాల్సిందే."

"మరి మీకు తాడు?" అంది చౌడేశ్వరమ్మ.

"నడిచే వచ్చాను. నడిచే పోతా. నన్ను కట్టి తోలేవాళ్ళెవరూ లేరుగా."

"పోదురుగానీ. కాళ్ళు కడుక్కోండి."

ఇశ్రాయేలు సాయంత్రం బిందె నింపుకునే వేళకి ఇంకా టైముంది. వామి నీడ సావిడి ముందు దాకా పరుచుకుంది. చౌడేశ్వరమ్మ ఆ నీడలోనే విస్తళ్ళు వేసింది. ఒకటే వరస. వేరే వేరే వెయ్యాలన్న ఆలోచన వచ్చిందో లేదో ఆవిడకే తెలియదు, నీడ ఉన్నది అంతే మరి. వీరభద్రయ్య, ఇశ్రాయేలు, మాణిక్యమ్మ, సుబ్బరత్నం కూర్చున్నారు. ఇశ్రాయేలు పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంది. రత్తయ్య ఆ విస్తరి వైపు, వరస వైపు చూస్తూ కండువా చేతిలో నలిపాడు. ఇశ్రాయేలు లేవబోయాడు.

"కూచో," అన్నాడు రత్తయ్య. "పొద్దుట్నుంచీ నువ్వందిస్తే నేను తొక్కా. ఇప్పుడు లేస్తావేంటి?" మఠం వేసుకుని కూర్చున్నాడు. "వడ్డించమ్మా, ఆకలికి కళ్ళు కనపట్టం లేదు."

మామిడికాయ పప్పు, వేడన్నం, ఇంట్లో మిగిలిన నెయ్యి. నాలుగు రోజుల తర్వాత గాడిలో గేదెలు కరకరమని నములుతున్న చప్పుడు వినబడుతోంది. దూడ పాలు తాగి, తల్లి కాళ్ళ మధ్యే నిద్రపోయింది.

"మరి నువ్వో?" అన్నాడు వీరభద్రయ్య, పెళ్ళాం ఇంకా గరిటె పట్టుకుని నిలబడి ఉండటం చూసి. తన విస్తరి కాస్త పక్కకి జరిపాడు.

బుధవారం నుంచీ చౌడేశ్వరమ్మ కూర్చుని తిన్నది లేదు. పప్పు గిన్నె మధ్యలో, అందరికీ చెయ్యి అందేలా పెట్టేసి, ఆరో విస్తరి వేసుకుని కూర్చుంది.